మూడేళ్లుగా ముళ్లే తప్ప పువ్వు లేదు: కాగితం పూల మొక్క గురించి సలహా కావాలి

రెండాకులు (మొదటి రోజు, ఉదయం 6:50)

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదివి వెళ్లిపోవడమే కానీ ఎప్పుడూ రాయలేదు. ఇవాళ విసుగొచ్చి రాస్తున్నాను.

గేటు పక్కన ప్రహరీ గోడ వెంబడి కాగితం పూల మొక్క పెట్టి 3 ఏళ్లయింది. కొన్నప్పుడు ఆకు కనపడకుండా రాణి రంగు పూలతో ఉంది. అది చూసే కదా ముచ్చటపడి తెచ్చుకున్నది! నేలలో పెట్టిన నెలకు ఆ పూలు రాలిపోయాయి. మళ్లీ ఒక్కటి పూస్తే ఒట్టు. మొక్క మాత్రం దుక్కలా ఉంది. గోడ దాటి 12 అడుగులు పోయింది. ఆకులు ఒక్కోటి నా అరచేతిలో సగం, ముళ్లు అంగుళం పొడవు.

ఎండ ఉదయం 10 నుంచి సాయంత్రం దాకా తగులుతుంది. నీళ్లు పోయను. కరవును తట్టుకునే మొక్క అని తెలుసు కనుక మొదటి ఏడాది తప్ప పైపు అటు తిప్పిందే లేదు. రెండు నెలలకోసారి రెండు దోసిళ్ల వర్మీకంపోస్టు వేస్తాను. నెలకోసారి కత్తిరిస్తాను, ఎందుకంటే కొమ్మలు వాకిట్లోకి వచ్చి కారు మీద గీతలు పెడుతున్నాయి.

ఇంట్లో వాళ్లు "పీకి పారేసి మల్లె తీగ పెడదాం" అంటున్నారు. పీకే ముందు మీ మాట ఒకసారి వినాలని.

మేడమీది_తోట (ఉదయం 7:15)

ముందు ఆ వర్మీకంపోస్టు ఆపండి. దీనికి తిండి ఎక్కువైతే ఆకు మీద పడుతుంది. నత్రజని ఎక్కువుంటే కొమ్మ సాగుతుంది, ఆకు వెడల్పవుతుంది, పూత గుర్తుకు రాదు. నా కుండీల్లో ఏడాదికి రెండుసార్లు, అదీ పొటాష్ ఎక్కువున్నది కొంచెం వేస్తాను. యూరియా జోలికి అసలు పోను.

ముళ్లకంచె (ఉదయం 7:40)

నెలకోసారి కత్తిరిస్తున్నానని మీరే రాశారు, పువ్వు లేదనీ మీరే రాశారు. రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చదువుకోండి.

కాగితం పువ్వు కొత్త కొమ్మ మీద వస్తుంది, అదీ చివరి వైపు. కొమ్మ సాగాలి, కాస్త ముదరాలి, అప్పుడు కొసన రంగు తిరుగుతుంది. అందుకు ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మీరు నాలుగో వారానికే కత్తెర పట్టుకుని వెళ్తున్నారు. పూసేలోపు పూసే చోటునే కోసేస్తే అది ఏం చేస్తుంది పాపం, మళ్లీ మొదటి నుంచి మొదలెడుతుంది.

రెండాకులు (ఉదయం 8:05)

అయ్యో. కానీ కత్తిరిస్తేనే బాగా పూస్తుందని ఎక్కడ చదివినా అదే ఉంది కదండీ? రోడ్డు మధ్యలో పెంచేవాటిని మోకాలెత్తున గొరిగేస్తారు, అయినా పూస్తూనే ఉంటాయి.

ముళ్లకంచె (ఉదయం 8:30)

కత్తిరిస్తే పూస్తుంది, నిజమే. ఎప్పుడు కత్తిరిస్తే అన్నదే అసలు ప్రశ్న. ఒక విడత పూత అయిపోయి రంగు వెలిసిపోగానే కొమ్మను మూడో వంతు దాకా వెనక్కి కొట్టాలి. దాంతో పక్కల నుంచి నాలుగు చిగుళ్లొస్తాయి, నాలుగు కొసలవుతాయి, పూత నాలుగింతలవుతుంది. ఆ తర్వాత కత్తెరను మేకుకు తగిలించి మరచిపోవాలి.

రోడ్డు మధ్య మొక్కల సంగతి వేరు. వాటికి చుట్టూ తారు, కింద గట్టి నేల, పైన మండే ఎండ. దిక్కులేనివి. అందుకే పూస్తాయి. పైగా అక్కడ ఎక్కువగా వేసేది నున్నటి ఆకు రకం, అంటే గ్లాబ్రా. అది ఏడాదిలో చాలాసార్లు పూస్తుంది. ఆకు మీద నూగు ఉండి, కొక్కేల్లాంటి పెద్ద ముళ్లుండే స్పెక్టాబిలిస్ రకం అంత త్వరగా కరగదు. దానికి బాగా ఎండు కాలం ఒకటి కావాలి. మీ మొక్క ఆకు వెనక వేలితో రాసి చూడండి, నూగు తగులుతోందా?

రెండాకులు (ఉదయం 8:50)

తగులుతోందండీ. మెత్తగా, ముఖమల్ లాగా.

చీకటిమొగ్గ (ఉదయం 9:20)

రెండాకులు గారూ, శీర్షికలో "ముళ్లే తప్ప పువ్వు లేదు" అని రాశారు చూడండి, తెలియకుండానే వృక్షశాస్త్రం రాసేశారు.

ఈ మొక్కలో ఆకు కాడ కాండానికి అతుక్కునే సందులో ఒక మొగ్గ ఉంటుంది. ముల్లు వచ్చేదీ, పూగుత్తి వచ్చేదీ ఆ మొగ్గ నుంచే. ముల్లు కొమ్మ మారిన రూపం, పూల కాడా కొమ్మ మారిన రూపమే. పగలు పొడవుగా, వెలుతురు తక్కువగా, ఎదుగుదల జోరుగా ఉన్నప్పుడు ఆ మొగ్గ ముల్లుగా గట్టిపడుతుంది. రాత్రుళ్లు పొడవై, ఎండ బాగా తగిలి, నీళ్లు తగ్గి ఎదుగుదల నిదానిస్తే అదే మొగ్గ పూల కాడ అవుతుంది. పూసిన కొమ్మ ఎక్కడైనా దొరికితే చూడండి, పువ్వు కాడ బయల్దేరిన చోటు సరిగ్గా ముల్లుండే చోటే.

అంటే మీ గోడ మీదున్న ప్రతి ముల్లూ పువ్వు కావాల్సిందే.

వానచినుకు (ఉదయం 9:32)

చీకటిమొగ్గ గారూ, ఇన్నేళ్లు ఈ మొక్క పెంచి ఈ మాట ఇప్పుడే వింటున్నా. కింద తోటలోకి వెళ్లి చూసొచ్చాను, నిజమే! ఒక చోట ముల్లు మీద నుంచే సన్నటి కాడ చీలినట్టుంది.

గునపం (ఉదయం 10:10)

అందరూ కత్తెర, ఎరువు అంటున్నారు. నాకు నీళ్ల మీద అనుమానం. రెండాకులు గారూ, మీరు పోయనంటున్నారు, నమ్ముతాను. కానీ నీళ్లు తాగని మొక్క ఆకు అరచేతిలో సగం ఉండదు. ఎండకు బతికే కాగితం పూల ఆకు చిన్నగా, దళసరిగా ఉంటుంది. మీ మొక్క ఎక్కడో తాగుతోంది. మొదలు నుంచి ఆరేడు అడుగుల చుట్టూ ఏమున్నాయో ఒక్కటీ వదలకుండా రాయండి. కుళాయి, సెప్టిక్ ట్యాంకు, కాలువ, పక్కింటి తోట, ఏదైనా.

రెండాకులు (ఉదయం 11:45)

ఒక వైపు గోడ. ఒక వైపు గేటు, గేటు స్తంభం మీద దీపం. ఇంకో వైపు పచ్చిక, నాలుగడుగుల దూరంలో మొదలవుతుంది.

పచ్చికకు స్ప్రింక్లర్ ఉంది. రోజూ తెల్లవారుజామున దానంతటదే 15 నిమిషాలు తిరుగుతుంది. నేను లేచేసరికి అయిపోతుంది కాబట్టి ఎప్పుడూ దాని గురించి ఆలోచించలేదు. ఇప్పుడు వెళ్లి మొదట్లో మట్టి గీకి చూశాను. పైన పొడిగా ఉంది కానీ వేలు లోతు పోగానే చల్లగా, తడిగా ఉంది. సిగ్గుగా ఉంది.

పచ్చికకు వేసే ఎరువు కూడా నత్రజనిదే అనుకుంటా.

గునపం (మధ్యాహ్నం 12:20)

సిగ్గెందుకండీ, దొరికింది కదా. రోజూ 15 నిమిషాలంటే మీ మొక్కకు ఏడాదికి 365 రోజులూ వానాకాలమే. పైగా పచ్చిక ఎరువు. కరవు మొక్కను విందులో కూర్చోబెట్టి పూయలేదేమని అడుగుతున్నాం.

ఇలా చేయండి. ఆ మూలనున్న స్ప్రింక్లర్ తలను మూసేయండి, లేదా చిమ్మే దిక్కు మార్చండి. మొక్క చుట్టూ కనీసం ఒక మీటరు వరకు పచ్చిక తీసేసి ఉత్త మట్టిగా వదిలేయండి. గడ్డి తీసేటప్పుడు గునపంతో లోతుగా తవ్వొద్దు (నా పేరు చూసి ఉత్సాహపడకండి), పైపైన చెక్కితే చాలు. ఎరువు 6 నెలలు బంద్. కత్తెర బంద్. ఆ తర్వాత చేతులు కట్టుకుని కూర్చోవాలి. అదే కష్టం.

రెండాకులు (మధ్యాహ్నం 12:40)

అంత తంటా ఎందుకు, తవ్వి తీసి పచ్చిక లేని ఇంకో మూల పెట్టేస్తే?

ఎర్రచిగురు (మధ్యాహ్నం 12:48)

వద్దు! వద్దు! వద్దు!

ఎర్రచిగురు (మధ్యాహ్నం 1:15)

క్షమించాలి, కంగారులో అరిచేశాను. నా కథ చెబుతాను.

ఐదేళ్ల మొక్క, నారింజ రంగు. గోడ కట్టాలని దాన్ని మార్చాల్సి వచ్చింది. చుట్టూ తవ్వి, ఇద్దరం పట్టుకుని లేపాం. లేచింది. మట్టి గడ్డ మాత్రం లేవలేదు, పొడి పిండిలా జారిపోయింది. చేతిలో నాలుగు లావు వేళ్లు మిగిలాయి, పీచు వేళ్లన్నీ గుంతలోనే ఉండిపోయాయి. మూడు రోజుల్లో ఆకులన్నీ కొమ్మకు వేలాడుతూనే ఎండిపోయాయి. రాలనైనా లేదు. నీడ కట్టాను, నీళ్లు చల్లాను. కాండం గోరుతో గీరితే కింద పచ్చదనం ఉందా అని రోజూ చూసేదాన్ని. ఇరవయ్యో రోజుకు ఆ పచ్చదనమూ పోయింది.

దీని పైకొమ్మలు రాక్షసులు, వేళ్లు పసిపిల్లలు. పీచు వేళ్లు మట్టిని గట్టిగా పట్టుకోవు, సన్నగా, పెళుసుగా ఉంటాయి. కొత్త మొక్క నాటేటప్పుడైనా సంచిని పట్టి లాగకూడదు. అడుగు కోసేసి, గుంతలో దించి, ఆ తర్వాత పక్కలు చీల్చి సంచి మెల్లగా తీసేయాలి. గడ్డను విదిలించడం, వేళ్లు సర్దడం లాంటివి మల్లెకు చేసుకోండి, దీనికొద్దు.

ముళ్లకంచె (మధ్యాహ్నం 1:40)

ఎర్రచిగురు గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. తప్పనిసరిగా మార్చాల్సొస్తే ముందు కొమ్మలన్నీ మోకాలెత్తుకు కొట్టేసి, కొన్ని వారాల ముందే చుట్టూ కందకం తీసి వేళ్లు తెగ్గొట్టి, కొత్త పీచు పట్టాక తీస్తారు. అయినా హామీ ఉండదు. మొక్కను కదిలించే కన్నా స్ప్రింక్లర్ తలను తిప్పడం తేలిక.

రెండాకులు (మధ్యాహ్నం 2:05)

సరే, కదిలించను. స్ప్రింక్లర్ తలకు మూత బిగించేశాను. గడ్డి సాయంత్రం చెక్కుతాను. కత్తెర మా వారి చేతికిచ్చి దాచేయమన్నాను.

మేడమీది_తోట (సాయంత్రం 5:30)

కుండీలో పెంచేవాళ్ల కోసం ఒక మాట. ఇదంతా కుండీలో చాలా తేలిక, నీటి తాళం మన చేతిలోనే ఉంటుంది. దీనికి ఇరుకు కుండీ అంటేనే ఇష్టం. వేళ్లు గుండ్రంగా చుట్టుకుని బిగుసుకుంటేనే పూస్తుంది. నా దగ్గర 10 అంగుళాల కుండీలో ఉన్నది ఎప్పుడూ పూలతోనే ఉంటుంది, 18 అంగుళాల దానిలోకి మార్చింది ఏడాదిగా ఆకులతో మేపుతోంది.

ముళ్లకంచె (సాయంత్రం 6:10)

ఈ "ఇరుకైతేనే పూస్తుంది" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. వేళ్లు బిగుసుకుంటే ఏ మొక్కకూ సుఖం లేదు. నేలలో, వేళ్లకు హద్దే లేని చోట గోడలు గోడలే కప్పేసేంత పూసే చెట్లున్నాయి. వాటికి ఏ కుండీ ఇరుకైంది?

మేడమీది_తోట (సాయంత్రం 6:25)

నా రెండు కుండీలూ కళ్ల ముందున్నాయండీ. ఒకే మట్టి, ఒకే ఎండ, ఒకే కొమ్మ నుంచి తీసిన మొక్కలు. కళ్లను నమ్మనా, మిమ్మల్ని నమ్మనా?

గునపం (సాయంత్రం 7:00)

ఇద్దరూ ఆగండి. చిన్న కుండీలో మట్టి తక్కువ, పొద్దున పోసిన నీళ్లు సాయంత్రానికే ఆరిపోతాయి. మొక్క రోజూ కాస్త దప్పికతో ఉంటుంది, పూస్తుంది. పెద్ద కుండీలో అడుగున తడి వారం నిలుస్తుంది. పూయించేది ఇరుకు కాదు, ఆరడం. మేడమీది గారూ, ఒక పని చేయండి. మీ 18 అంగుళాల కుండీకి నీళ్లు ఆపి, లేత చిగుళ్లు తలలు వాల్చే దాకా చూడండి. వాల్చిన రోజు కుండీ కింద నుంచి కారేదాకా పోయండి. మళ్లీ వాల్చేదాకా చుక్క పోయొద్దు. ఇలా నాలుగైదు సార్లు. అది కూడా పూస్తే మీ ఇద్దరూ రాజీ పడొచ్చు.

ముదురు ఆకులు కూడా వాడిపోయి గలగలలాడే దాకా మాత్రం ఎండబెట్టకండి. దప్పిక వేరు, చంపడం వేరు.

మేడమీది_తోట (సాయంత్రం 7:08)

ఒప్పుకున్నా. ఇవాళ్టి నుంచే ఆపుతున్నా.

వానచినుకు (రెండో రోజు, ఉదయం 8:15)

సందులో సందు, నాదొక ప్రశ్న. కొమ్మలు నాటితే రాణి రంగుది బతుకుతోంది, తెల్లది మాత్రం నాలుగుసార్లు నాటినా కుళ్లిపోయింది. నా హస్తవాసి అనుకోవాలా?

ఎర్రచిగురు (ఉదయం 9:00)

హస్తవాసి కాదు, తెల్లది కొమ్మ ద్వారా వేరు పట్టడం కష్టమే, చాలామంది అనుభవం ఇదే. పెన్సిలు లావు, మరీ లేత కాని, మరీ చెక్క కాని కొమ్మ 15 నుంచి 20 సెంటీమీటర్లు తీసుకోండి. ఆకులు తీసేయండి, కింది కొసను కణుపు కిందుగా ఏటవాలుగా కోయండి. రూటింగ్ హార్మోను పొడి అద్ది, ఇసుక ఎక్కువున్న మట్టిలో గుచ్చండి. నీడలో పెట్టి, పైన తేమ పోకుండా పారదర్శక కవరు కప్పండి. చిగురు రాగానే వేరు వచ్చిందని మురిసిపోయి లాగి చూడొద్దు. కొమ్మలో ఉన్న నిల్వతోనే చిగురేస్తుంది, వేరుకు నెల నుంచి రెండు నెలలు పడుతుంది. మీ నాలుగు సార్లలో ఒకసారైనా లాగి చూశారా, నిజం చెప్పండి.

వానచినుకు (ఉదయం 9:04)

నాలుగు సార్లూ చూశా 😄

ముళ్లకంచె (ఉదయం 9:30)

తెల్లదానికి గాలి అంటు కట్టండి. చెట్టు మీదున్న కొమ్మకే వేలెడంత మేర చుట్టూ బెరడు తీసి, తడిపి పిండిన నాచు చుట్టి, ప్లాస్టిక్ కాగితంతో రెండు చివరలా గట్టిగా కట్టాలి. లోపల వేళ్లు తెల్లగా కనబడ్డాక కింద కోసి కుండీలో పెట్టడం. తల్లి చెట్టు పోషిస్తూనే ఉంటుంది కాబట్టి కుళ్లే భయం తక్కువ. చేతికి తొడుగులు వేసుకోండి, ముల్లు గుచ్చుకుంటే కొందరికి దద్దు కూడా లేస్తుంది.

చీకటిమొగ్గ (ఉదయం 10:45)

రంగుల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఆగలేక రాస్తున్నాను. మనం పువ్వు అంటున్నది పువ్వు కాదు. ఆ రంగు రేకులు మూడూ ఆకులే, వాటిని పుచ్ఛాలంటారు. ఒక్కో పుచ్ఛానికి అతుక్కుని లోపల సన్నటి గొట్టంలా, తెల్లగానో లేత పసుపుగానో ఉండేదే అసలు పువ్వు. అందుకే రంగు వారాల తరబడి నిలుస్తుంది. పువ్వు వాడినా ఆకు వాడదు కదా.

ఆ రాణి రంగు గులాబీలోనో మందారంలోనో ఉండే జాతి రంగు కాదు. బీట్‌రూట్‌లో, ఎర్ర తోటకూరలో ఉండే బీటాలెయిన్ల కోవకు చెందినది. చంద్రకాంత మొక్క దీనికి దగ్గర చుట్టం, రెండూ ఒకే కుటుంబం. గొట్టం పువ్వులు పోల్చి చూస్తే చుట్టరికం తెలుస్తుంది.

పేరు కథ కూడా చెప్పేస్తాను. పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఫ్రెంచి నావికుడు బోగన్‌విల్ 1766 నుంచి 1769 దాకా ప్రపంచం చుట్టి వచ్చాడు. ఆ యాత్రలోని వృక్షశాస్త్రవేత్త కామర్సన్ 1767లో రియో డి జనీరో దగ్గర ఈ మొక్కను సేకరించి నాయకుడి పేరు మీద బోగన్‌విలియా అని పెట్టాడు. కామర్సన్ వెంట సహాయకుడిగా ఉన్నది జాన్ బారే, మగ వేషంలో ఓడెక్కిన ఆడమనిషి. ప్రపంచం చుట్టి వచ్చిన తొలి మహిళగా ఆమెనే చెబుతారు. మొక్కలు వెతకడంలో, మోయడంలో సగం కష్టం ఆమెదే. పేరు మాత్రం యాత్ర నాయకుడికి పోయింది.

వానచినుకు (ఉదయం 10:58)

ఇకమీదట మా ఇంట్లో దీని పేరు బారే పువ్వు.

రెండాకులు (మూడు వారాల తర్వాత, ఉదయం 6:30)

టెన్షన్‌గా ఉంది, అందుకే మళ్లీ వచ్చాను. మీరు చెప్పినవన్నీ చేశాను. ఇప్పుడు ఆకులు పసుపై రాలుతున్నాయి. వాకిలంతా ఆకులే. రెండు బకెట్లు పోసేద్దామా అని చేయి లాగేస్తోంది. పోయనా?

గునపం (ఉదయం 6:55)

ముందు బకెట్ కింద పెట్టండి. రాలుతున్నవి ఏ ఆకులు? కింద ముదురువా, పైన లేతవా? కొసల్లో చిగుళ్లు నిలబడి ఉన్నాయా, వాలాయా?

రెండాకులు (ఉదయం 7:10)

కింద ముదురువే. కొసలు నిటారుగానే ఉన్నాయి. ఒకటి రెండు చోట్ల లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపుగా ఉంది, గోడకు బాగా దగ్గరగా ఉన్న కొమ్మల్లో.

గునపం (ఉదయం 7:20)

అయితే చుక్క కూడా పోయొద్దు. మూడేళ్ల విందు అయిపోయింది, అక్కర్లేని ఆకును దించుకుంటోంది. కొసలు వాలిన రోజు సాయంత్రం మొదట్లో నెమ్మదిగా, లోతుగా ఒకసారి ఇవ్వండి. రోజూ చెంబెడు కాదు, ఒక్కసారే బాగా.

చీకటిమొగ్గ (ఉదయం 8:40)

ఆ ఈనెల మధ్య పసుపు వేరే సంగతి. లేత ఆకులో ఈనె పచ్చగా, మిగతాది పసుపుగా ఉంటే ఇనుము అందడం లేదని. మట్టిలో ఇనుము లేకపోవడం కాదు, సున్నం ఎక్కువై మొక్క తీసుకోలేకపోతోంది. కొత్త గోడల పక్కన సిమెంటు, సున్నం పెళ్లలు మట్టిలో కలిసి ఇలా అవుతుంది. ఈ మొక్కకు కాస్త పులుపు నేల ఇష్టం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి, పది రోజులకు ఇంకోసారి. గోడ మీద పడితే తుప్పు మరక పడుతుంది, అట్ట అడ్డం పెట్టుకోండి.

పచ్చిమట్టి (ఉదయం 9:15)

కొత్త సభ్యుణ్ని. నా మొక్క ఆకుల అంచులు ఎవరో కత్తెరతో అలలు అలలుగా కత్తిరించినట్టు అయిపోతున్నాయి. పొద్దున ఎంత వెతికినా ఒక్క పురుగూ లేదు. ఇదీ ఇనుము లోపమేనా?

ముళ్లకంచె (ఉదయం 9:40)

ఇనుము లోపం ఆకు తినదు నాయనా. రాత్రి 9 దాటాక టార్చి పట్టుకుని వెళ్లు. అంగుళం పొడవున పచ్చగానో గోధుమ రంగులోనో సన్నటి పురుగు, నడుం విల్లులా వంచి నడుస్తుంది, ఆముదం దాసరి పురుగు నడక. పగలు కాడను పట్టుకుని పుల్లలా బిగుసుకుని ఉంటుంది, ముక్కు ఆనించి చూసినా తెలియదు. నాలుగు మొక్కలే అయితే చేత్తో ఏరేయడమే మేలు. ఎక్కువైతే బీటీ మందు (పురుగును చంపే బ్యాక్టీరియాతో చేసింది) సాయంత్రం చల్లు, లేత పురుగు మీదే బాగా పనిచేస్తుంది. లేత కొమ్మల సందుల్లో తెల్ల దూదిలా కనబడితే అది పిండినల్లి, దానికి వేపనూనె.

పచ్చిమట్టి (మర్నాడు, ఉదయం 6:05)

రాత్రి టార్చితో వెళ్లా. 23 దొరికాయి. అమ్మ బాబోయ్.

రెండాకులు (తొమ్మిది వారాల తర్వాత, ఉదయం 6:15)

ఎక్కడ మొదలెట్టాలో తెలియడం లేదు. వారం కిందట గోడ అవతలికి సాగిన పొడవాటి కొమ్మ కొసన ఆకులు ఎర్రబారుతుంటే చిగురేమో అనుకున్నాను. ఇవాళ పొద్దున చూస్తే మూడు మూడుగా విచ్చుకున్నాయి. రాణి రంగు! లోపల చిన్న తెల్ల గొట్టాలు కూడా ఉన్నాయి చీకటిమొగ్గ గారూ, వేలితో తాకి చూశాను. ఆ వైపు 11 కొసలు లెక్కపెట్టాను. మా వారు కత్తెర ఎక్కడ దాచారో ఆయనకే గుర్తు లేదట, అదీ మంచిదే అయింది.

కొసలు వాలి నీళ్లు ఇచ్చింది ఇన్ని వారాల్లో నాలుగే సార్లు.

ఒకటే అనుమానం. గేటు వైపు కొమ్మలు మాత్రం ఇంకా ముళ్లే. అదే మొక్క, అదే ఎండ.

చీకటిమొగ్గ (ఉదయం 7:30)

ఆ గేటు దీపం రాత్రంతా వెలుగుతుందా?

రెండాకులు (ఉదయం 7:34)

అవును. పొద్దు వాలగానే వెలిగి తెల్లారేదాకా ఉంటుంది. కొమ్మలు దాన్ని ఆనుకునే ఉన్నాయి.

చీకటిమొగ్గ (ఉదయం 7:50)

దీపమే కారణమని ఒట్టేసి చెప్పను. కానీ ఇది రాత్రి పొడవును బట్టి పూతకొచ్చే మొక్క, దీపం ఆనుకుని ఉన్న కొమ్మకు రాత్రే లేదు. మనిషి వచ్చినప్పుడు మాత్రమే వెలిగే దీపం పెట్టి ఒక విడత చూడండి. ఖర్చు లేని పరీక్ష కావాలంటే కొమ్మల వైపు రేకు ఒకటి అడ్డం కట్టండి.

గునపం (ఉదయం 8:05)

నా పందెం మాత్రం నీళ్ల మీదే. గేటు వైపు స్ప్రింక్లర్ చినుకులు ఇంకా పడుతున్నాయేమో తెల్లవారుజామున ఒక్కసారి లేచి చూడండి.

మేడమీది_తోట (ఉదయం 8:20)

శుభాకాంక్షలు! నా 18 అంగుళాల కుండీ కూడా మొగ్గ తొడిగింది. ముళ్లకంచె గారూ, ఇరుకు సంగతి వెనక్కి తీసుకుంటున్నా.

ముళ్లకంచె (ఉదయం 8:31)

తీసుకున్నందుకు సంతోషం. నేనూ కాస్త గట్టిగా మాట్లాడాను లెండి.

రెండాకులు (ఉదయం 8:45)

రేకు ఇవాళే కడతాను, రేపు 4 గంటలకు లేచి స్ప్రింక్లర్ కూడా చూస్తాను. కానీ కారు గొడవ మళ్లీ మొదలైంది. పూసిన కొమ్మలే సరిగ్గా వాకిట్లోకి వాలాయి. కోయడానికి నా చేయి రాదు, కారు తీయడానికి మా వారికి దారి లేదు.

ముళ్లకంచె (ఉదయం 9:10)

కోయొద్దు, కట్టండి. ఇది మల్లెలా చుట్టుకునే తీగ కాదు, నులితీగలూ లేవు. ముళ్లు ఆనించుకుని పక్కవాటి మీద ఎగబాకే పొద. మనం కట్టకపోతే ఎటు బరువైతే అటు పడుతుంది. గోడకు కొక్కేలు బిగించి అడుగున్నర ఎడంతో అడ్డంగా తీగలు లాగండి, గోడకూ తీగకూ మధ్య నాలుగు వేళ్ల సందు ఉండాలి. వాలిన కొమ్మను వెనక్కి తెచ్చి ఆ తీగ వెంట అడ్డంగా పడుకోబెట్టి మెత్తటి గుడ్డ పీలికతో వదులుగా కట్టండి. నిలువుగా కడితే కొసన ఒక్క చోటే పూస్తుంది. అడ్డంగా పడుకోబెడితే ప్రతి కణుపు దగ్గరా చిగురు లేస్తుంది, ప్రతి చిగురూ ఒక కొస.

లేత కొమ్మ వంగుతుంది, ముదురుది టప్పున విరుగుతుంది. ఒకేసారి లాగకుండా రెండు మూడు రోజులు కొంచెం కొంచెంగా తిప్పండి. తోలు తొడుగులు మర్చిపోకండి. కింద పడిన ముల్లు కొమ్మ ఒక్కటి కూడా వదలకుండా ఏరేయమని మీ వారికి చెప్పండి, ఆ ఎండిన ముల్లుకు కారు టైరు ఒక లెక్క కాదు.